నైట్ షిఫ్ట్ డ్రాకులాలు

మా ఇంట్లో వీసీఆర్ ఉన్న రోజుల్లో అన్నయ్య రాత్రిపూట చూడటానికి హారర్ క్యాసెట్లు తెచ్చేవాడు. ఎక్కడి నుంచి తెస్తున్నావని అడిగితే, "నీకెందుకే, వచ్చి కూర్చో" అనేవాడు. చాలావాటికి అట్టపెట్టె కూడా ఉండేది కాదు. తెల్లకాగితం అంటించి, దాని మీద పెన్నుతో పేరు రాసి ఉండేది. కాపీకి కాపీ, దానికి మళ్ళీ కాపీ కావడంతో బొమ్మ అడుగున తెల్లగీతలు పాకుతూ ఉండేవి. ట్రాకింగ్ సరిచేసే పని నాది. టీవీకి అందరికంటే దగ్గరగా కూర్చునేదాన్ని కాబట్టి అందరికంటే ముందు ఉలిక్కిపడేదీ నేనే.

వాటిలో సగానికి సగం డ్రాకులా సినిమాలు. పెద్ద స్టూడియోలు తీసినవి తక్కువ. ఎక్కువగా కొద్దిపాటి డబ్బుతో, కొద్ది రోజుల్లో చుట్టేసినవి. తీగ కట్టి ఆడించే రబ్బరు గబ్బిలం, తోస్తే ఊగే కోటగోడ, పెయింటులా మెరిసే రక్తం. ఇన్నేళ్ళ తర్వాత నాకు ముందుగా గుర్తొచ్చేది మాత్రం ఆ సినిమాల్లో కనబడిన మనుషులు. పెద్ద సినిమాల్లో తలుపు తీసే నౌకరుగానో, కథ మొదలవగానే చచ్చిపోయేవాడిగానో తప్ప చోటు దొరకని మొహాలు ఈ చవక సినిమాల్లో నేరుగా కథ నడిమధ్యకు వచ్చి కూర్చునేవి. నల్లజాతి రాకుమారుడు, మగతోడు అక్కర్లేని ఆడది, ఇంగ్లీషు మాట్లాడని డ్రాకులా. వీళ్ళందరినీ నేను మొదట చూసింది అలాంటి అరిగిపోయిన క్యాసెట్లలోనే.

ఒక సెలవుల్లో పిల్లలందరం కలిసి చూసిన క్యాసెట్ మీద 'బ్లాక్యులా' అని రాసి ఉంది. పేరు చదవగానే మా బాబాయి కొడుకు పగలబడి నవ్వాడు. "నల్ల డ్రాకులా అంట అన్నయ్యా! చీకట్లో పళ్ళు తప్ప ఇంకేం కనబడతాయి?" అన్నాడు. అని ఊరుకోకుండా నా వైపు చూశాడు. మా పిల్లల గుంపులో అందరికంటే నల్లగా ఉండేదాన్ని నేనే. మిగతావాళ్ళూ నవ్వారు. అన్నయ్య మాత్రం "నోర్మూసుకుని చూడరా" అని ప్లే నొక్కాడు.

ఆ సినిమా 1780లో డ్రాకులా కోటలో మొదలవుతుంది. కథానాయకుణ్ణి మేం మముల్డే అని పిలుచుకునేవాళ్ళం, అసలు పేరు మముఆల్డే. ఆఫ్రికా రాకుమారుడు. భార్య లూవాను వెంటబెట్టుకుని, బానిసల వ్యాపారాన్ని ఆపడానికి సాయం అడగాలని వస్తాడు. భోజనాల బల్ల దగ్గర డ్రాకులా ఆ మాటను ఎగతాళి చేస్తాడు, లూవాను సరుకును చూసినట్టు చూస్తాడు. రాకుమారుడు లేచి నిలబడతాడు. ఆ తర్వాత డ్రాకులా అతణ్ణి కొరికి, తన పేరునే వంకరగా మార్చి శాపంలా అంటగట్టి, శవపేటికలో పెట్టి తాళం వేస్తాడు. లూవాను పక్కన వదిలేస్తాడు, ఆ మూసిన గదిలోనే ప్రాణం పోయేదాకా. అంటే మా వాడు నవ్విన ఆ పేరు, కథలో ఒక మనిషిని అవమానించడానికి పెట్టిన పేరే. విలియమ్ మార్షల్ గొంతు విప్పి నాలుగు మాటలు మాట్లాడేసరికి గదిలో నవ్వులు ఆగిపోయాయి. గుండెల్లోంచి వచ్చే గంభీరమైన గొంతు అది. అరిగిపోయిన టేపు కూడా దాన్ని ఏమీ చేయలేకపోయింది.

1972లో వచ్చిన ఈ సినిమాను తీసింది చవక సినిమాలకు పేరుపడ్డ అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్. దర్శకుడు విలియమ్ క్రెయిన్ కూడా నల్లజాతీయుడే. నల్లజాతి ప్రేక్షకులు టికెట్లు కొంటున్నారని గమనించి, వాళ్ళ కోసమని గబగబా సినిమాలు తీసిన కాలమది. కంపెనీకి కావలసింది ఆ టికెట్ల డబ్బే. మార్షల్‌కు అది సరిపోలేదు. ఆయన షేక్‌స్పియర్ నాటకంలో ఒథెల్లోగా పేరు తెచ్చుకున్న రంగస్థల నటుడు. స్క్రిప్టు తొలి రూపంలో పాత్ర పేరు ఆండ్రూ బ్రౌన్ అని ఉందట. తెల్ల నటులు నల్లవాళ్ళను అనుకరిస్తూ నవ్వించిన ఒక పాత కామెడీలోని పాత్ర పేరు అది. మార్షల్ పట్టుబట్టి ఆ పేరు తీయించాడు. తన పాత్రను రాకుమారుణ్ణి చేయించాడు, బానిసల వ్యాపారం సంగతి కథలోకి తెప్పించాడు. నేను పెద్దయ్యాక ఈ విషయం చదివినప్పుడు ఆ రాత్రి మా గది ఎందుకు సద్దుమణిగిందో తెలిసింది. ఆ గౌరవం సినిమాకు ఎవరూ ఉచితంగా ఇవ్వలేదు. ఒక నటుడు వాదించి సాధించుకున్నాడు.

చివర్లో తను ప్రేమించిన మనిషి కూడా పోయాక, మముఆల్డే పారిపోడు. ఎవరూ తరమకుండానే మెట్లెక్కి ఎండలోకి నడుస్తాడు. అంతవరకూ నేను చూసిన డ్రాకులాలందరినీ ఎవరో ఒకరు వేటాడి, గుండెలో మేకు దింపి చంపేవారు. ఇతను మాత్రం తన చావును తానే ఎంచుకున్నాడు. మా బాబాయి కొడుకు అప్పుడు నా వైపు చూడలేదు, టీవీ వైపే చూస్తున్నాడు.

ఇంత ప్రేమగా చెబుతున్నాను గానీ, ఆ సినిమాలో నాకు ఇప్పటికీ మింగుడుపడని భాగం ఒకటి ఉంది. శవపేటికను కొని లాస్ ఏంజిలస్‌కు తెచ్చేది ఇళ్ళు అలంకరించే ఇద్దరు మగవాళ్ళు. ఒకరు నల్లజాతి, ఒకరు తెల్లజాతి. వాళ్ళిద్దరూ జంట. 1972లో ఒక సినిమా ఈ సంగతి దాచకుండా చూపించడం చిన్న విషయం కాదు. అయితే చూపించింది నవ్వుకోవడానికి, ఆ వెంటనే చంపడానికి. వాళ్ళు పోయాక మిగతా పాత్రలు వాళ్ళ గురించి వాడే మాటలు వింటే ఒళ్ళు మండుతుంది. ఒకరి పరువు కోసం అంత పోరాడిన సినిమా ఇంకొకరి పరువును అంత తేలిగ్గా తీసిపారేసింది. ఈ రెండూ ఒకే సినిమాలో ఉన్నాయి, ఒకటి గుర్తుపెట్టుకుని రెండోది మర్చిపోవడం నా వల్ల కాదు.

మా బాబాయి కొడుకు అన్న ఆ పళ్ళ మాటకు ఇంకో కథ ఉంది. కాపీ టేపుల్లో రాత్రి సీన్లు వచ్చినప్పుడు నల్లజాతి నటుల మొహాలు నిజంగానే చీకట్లో కలిసిపోయేవి. పక్కనున్న తెల్ల నటుడి మొహం మాత్రం కనబడేది. ట్రాకింగ్ ఎంత తిప్పినా ఫలితం ఉండేది కాదు. టేపు అరిగిపోవడం ఒక కారణమైతే, అంతకంటే పాత కారణం ఫిల్ములోనే ఉందని తర్వాత తెలుసుకున్నాను. దశాబ్దాలపాటు కలర్ ఫిల్ము, ప్రింటింగ్ సరిగ్గా వచ్చాయో లేదో చూసుకోవడానికి కొడాక్ పంపిన నమూనా కార్డుల మీద తెల్లజాతి అమ్మాయి ఫొటో ఉండేది. ఆమె చర్మం రంగు సరిగ్గా వస్తే అంతా సరిగ్గా వచ్చినట్టే లెక్క. ముదురు రంగుల్లోని తేడాలు బాగా పట్టే ఫిల్ము కోసం కంపెనీని కదిలించిన ఫిర్యాదులు ఫర్నిచర్ తయారీదారులవీ, చాక్లెట్ కంపెనీలవీ అని చదివినప్పుడు నాకు చాలాసేపు వేరే పని మీద ధ్యాస నిలవలేదు. చెక్క రంగు సరిగ్గా రావాలని అడిగితే విన్నారు. మనిషి మొహం సంగతి దాని వెనకాల వచ్చింది.

అందుకే 1990 నాటి 'డెఫ్ బై టెంప్టేషన్' మొదటిసారి చూసినప్పుడు కథ కంటే వెలుతురునే ఎక్కువ చూశాను. అందులో వచ్చేది అచ్చమైన రక్తపిశాచి కాదు, దానికి దగ్గర చుట్టం లాంటి మోహిని. చాలా చిన్న సినిమా. కెమెరా పట్టింది అప్పటికే నల్లజాతి దర్శకుడు స్పైక్ లీ సినిమాలకు పనిచేసిన ఎర్నెస్ట్ డికర్సన్. ఎర్ర దీపాల బార్‌లో, సగం చీకటి గదుల్లో కూడా ప్రతి నల్లటి మొహంలో చెంప మీది మెరుపు, నుదుటి మీది నీడ విడివిడిగా తెలుస్తాయి. వెలుతురు పెట్టడం తెలిసిన మనిషి ఉంటే డబ్బు తక్కువైనా మొహాలు కనబడతాయి. నా సొంత ఫొటోల గురించి కూడా అప్పటి నుంచి వేరేగా ఆలోచించడం మొదలుపెట్టాను.

అన్నయ్య తెచ్చినవాటిలో 'బ్లడ్ కపుల్' అనే క్యాసెట్ ఒకటి ఉండేది. ఎవరికీ నచ్చలేదు. కథ ఎక్కడికి పోతోందో తెలియదు, ఒక సీన్‌కీ ఇంకో సీన్‌కీ అతుకు సరిగ్గా ఉండదు. కాని అందులోని ఇద్దరు మనుషులు నాకు అలాగే గుర్తుండిపోయారు. ఖరీదైన ఇంట్లో, పుస్తకాల మధ్య, కళాఖండాల మధ్య బతికే నల్లజాతి పండితుడు. అతని ఇంటికి వచ్చి, అతిథిలా కాక యజమానురాలిలా తిరిగే ఒక నల్లజాతి స్త్రీ. అలాంటి మనుషుల్ని అంతకుముందు ఏ హారర్ సినిమాలోనూ చూడలేదు.

అది ఇంకో సినిమా శవమని ఏళ్ళ తర్వాత తెలిసింది. అసలు సినిమా పేరు 'గాంజా అండ్ హెస్', 1973. రాసి తీసింది బిల్ గన్. బ్లాక్యులా బాగా ఆడటంతో నిర్మాతలు అలాంటిదే ఒకటి కావాలని ఆయన చేతిలో 3,50,000 డాలర్లు పెట్టారు. ఆయన వాళ్ళు అడిగిన సినిమా తీయలేదు. రక్తదాహాన్ని వ్యసనంగా, చర్చిని ఒక వైపూ మర్చిపోయిన ఆఫ్రికాను ఇంకో వైపూ పెట్టి, మధ్యలో నలిగిపోయే మనిషి కథ తీశాడు. ఆ పండితుడు డాక్టర్ హెస్ గ్రీన్. పురాతన కత్తితో పొడిచినప్పటి నుంచి అతనికి చావు లేదు, రక్తం లేకుండా బతుకూ లేదు. పొడిచిన సహాయకుడి పాత్ర బిల్ గన్ తానే వేశాడు. కోరలు లేవు, నల్ల కోటు లేదు, గబ్బిలాలు లేవు. హెస్‌గా నటించింది డ్వేన్ జోన్స్. 1968లో దాదాపు 1,14,000 డాలర్లతో తయారైన 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్'లో హీరో ఆయనే. ఆ పాత్రను నల్లజాతి మనిషి కోసమని రాయలేదు, ఆడిషన్‌లో అందరికంటే బాగా చేశాడని ఇచ్చారు. మొరటు లారీ డ్రైవర్‌గా రాసిన ఆ పాత్ర మాటల్ని జోన్స్ తనకు తగ్గట్టు మార్చుకున్నాడు. మార్షల్ చేసిన పని లాంటిదే, నాలుగేళ్ళు ముందుగా.

'గాంజా అండ్ హెస్' ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో క్రిటిక్స్ వీక్ అనే విభాగానికి ఎంపికైంది. స్వదేశంలో నిర్మాతలు బెదిరిపోయారు. సినిమాను వేరేవాళ్ళ చేతికిచ్చి అరగంటకు పైగా కోయించి, కొత్త పేర్లు పెట్టి అమ్ముకున్నారు. మా ఇంటికి వచ్చింది ఆ ముక్కల్లో ఒకటి. బిల్ గన్ దాన్ని తనదిగా ఒప్పుకోలేదు. న్యూయార్క్ టైమ్స్‌కు ఒక ఉత్తరం రాశాడు, తెల్ల విమర్శకులు తన సినిమాను చూసిన తీరు గురించి, చూడకుండానే రాసిన తీరు గురించి. ఆ ఉత్తరం చదివితే ఆయన కోపం కంటే ఆయన అలసట ఎక్కువ తగులుతుంది. న్యూయార్క్‌లోని మ్యూజియమ్ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో పూర్తి ప్రింట్ ఉండబట్టి ఆ సినిమా బతికింది. డ్వేన్ జోన్స్ 1988లో, బిల్ గన్ 1989లో పోయారు. ఆ సినిమాకు ఇప్పుడున్న గుర్తింపును వాళ్ళిద్దరూ చూడలేదు. 2014లో స్పైక్ లీ దాన్ని మళ్ళీ తీశాడు, జనం దగ్గర చందాలు పోగుచేసి.

పూర్తి సినిమా చూసిన రోజు నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది గాంజా పాత్ర వేసిన మార్లీన్ క్లార్క్ చెప్పే ఒక కథ. చిన్నప్పుడు మంచు ఉండలతో ఆడుకుని ఇంటికొస్తే తల్లి నమ్మదు, ఏదో తప్పు చేసి వచ్చిందనే అనుకుంటుంది. ఆ రోజే, ఇకమీదట తనను తానే చూసుకోవాలని ఆ పిల్ల నిశ్చయించుకుంటుంది. రక్తం లేదు, అరుపు లేదు. కెమెరా ఆమె మొహం మీద నిలబడిపోతుంది, ఆమె చెబుతూ పోతుంది. హారర్ సినిమాలో ఒక నల్లటి స్త్రీకి తన బాల్యం గురించి చెప్పుకోవడానికి ఇంత సమయం ఇవ్వడం నేను మళ్ళీ పెద్దగా చూడలేదు. చివర్లో హెస్ శిలువ నీడలో నిలబడి చావును కోరుకుంటాడు, గాంజా బతకడాన్నే ఎంచుకుంటుంది. దాన్ని పాపంగా చూపించకుండా ఆమె నిర్ణయంగా చూపించి వదిలేశాడు బిల్ గన్.

ఈ వెతుకులాటలోనే 1931 నాటి స్పానిష్ డ్రాకులా దొరికింది. బెలా లుగోసీ నటించిన ఇంగ్లీషు డ్రాకులా అందరికీ తెలుసు. అదే స్టూడియోలో, అదే సెట్లలో పగలు ఇంగ్లీషువాళ్ళు షూటింగ్ ముగించుకుని వెళ్ళాక, రాత్రిళ్ళు స్పానిష్ బృందం వచ్చి తమ సినిమా తీసేది. ఖర్చు ఇంగ్లీషుదానికంటే ఎంతో తక్కువ. దర్శకుడు జార్జ్ మెల్ఫర్డ్‌కు స్పానిష్ రాదు. డ్రాకులాగా వేసిన కార్లోస్ విల్యారియాస్ స్పెయిన్‌వాడు, కథానాయిక లుపిటా తోవర్ మెక్సికో అమ్మాయి, ఆమె ప్రియుడిగా వేసిన బారీ నార్టన్ అర్జెంటీనావాడు. ఒకే ఇంట్లో మనుషులు తలా ఒక దేశపు యాసలో మాట్లాడతారు. అది లోపమని కొందరంటారు. నాకు మాత్రం ఆ భాష మాట్లాడే ప్రపంచమంతా ఒక్క గదిలో చేరినట్టు అనిపిస్తుంది.

పగలు తీసిన రీళ్ళు చూసి, ఆ షాట్‌ను ఇంతకంటే బాగా ఎలా తీయాలా అని రాత్రివాళ్ళు ఆలోచించేవారట. చూస్తే తెలిసిపోతుంది. ఇంగ్లీషులో కెమెరా ఊరికే నిలబడే చోట, ఇక్కడ మెట్ల మీదుగా డ్రాకులా దాకా దూసుకెళుతుంది. నిడివి కూడా దాదాపు అరగంట ఎక్కువ. తర్వాత ఈ సినిమా జనానికి దూరమైపోయింది, దొరికిన ప్రింట్‌లో ఒక రీలు పాడైపోయి ఉంది. ఆ రీలు క్యూబాలోని ఫిల్మ్ ఆర్కైవ్‌లో భద్రంగా ఉందని తెలిసి, దాన్ని కలుపుకొని 1990ల మొదట్లో మళ్ళీ విడుదల చేశారు. లుపిటా తోవర్ అది చూసింది. 2016లో పోయినప్పుడు ఆమె వయసు 106. ఈ ఒక్క కథ తలుచుకున్నప్పుడు మాత్రం నాకు మనసు తేలికవుతుంది.

ఒకసారి ఆ దారిలో పడ్డాక ప్రపంచమంతా నైట్ షిఫ్టే అనిపించింది. 1953 నాటి టర్కీ డ్రాకులా ఇస్తాంబుల్‌కు వస్తాడు. అక్కడ శిలువకు పని లేదు, వెల్లుల్లితోనే సరిపెట్టుకున్నారు. 1967లో లాహోర్‌లో తీసిన 'జిందా లాష్'లో డ్రాకులా స్థానంలో ఒక ప్రొఫెసర్ ఉంటాడు. చావు లేకుండా చేసే మందు కనిపెట్టబోయి, అది తాగి రక్తపిశాచి అవుతాడు. ఫిలిప్పీన్స్‌లో గెరార్డో డి లియోన్ 1964లో తీసిన రక్తపిశాచుల సినిమా నాకు మరీ ఇష్టం. కలర్ ఫిల్ము కొనే స్తోమత లేక కొన్ని సీన్లే రంగుల్లో తీశారు. మిగతాదంతా బ్లాక్ అండ్ వైట్, దానికి నీలం, ఎరుపు రంగులు అద్దారు. పిశాచి దగ్గరికొస్తుంటే తెరంతా ఎర్రబడుతుంది. లేమిని దాచిపెట్టే బదులు దాన్నే భయం చేసి చూపించారు. అందులో ఆ పిశాచి గుండుతో, నల్లకళ్ళద్దాలతో తిరుగుతాడు, తన ప్రేయసిని బతికించుకోవాలని తపిస్తాడు.

ఆడవాళ్ళ సంగతి మీద నాకు అభిప్రాయాలు కొంచెం గట్టిగానే ఉన్నాయి. 1970ల మొదట్లో ఆడ రక్తపిశాచుల సినిమాలు వరసగా వచ్చాయి, చాలావాటిలో ఆమె ప్రేమించేది ఇంకో ఆడదాన్ని. అంతమంది అలా తెర మీదకు రావడం అంతకుముందు లేదు. కాని కెమెరా మగవాడిదే. వాళ్ళు దుస్తులు విప్పుతున్నంతసేపు ఓపిగ్గా చూసి, చివర్లో మేకు దింపించి ఇంటికి పంపేది. ఆ గుంపులో స్టెఫనీ రాత్మన్ 1971లో తీసిన 'ద వెల్వెట్ వాంపైర్' వేరుగా నిలబడుతుంది. కోట లేదు, మంచు లేదు. ఎండ మండిపోయే ఎడారిలో పెద్ద టోపీ పెట్టుకుని బండి నడుపుకుంటూ తిరిగే రక్తపిశాచి. ఇంటికొచ్చిన దంపతుల్లో ఇద్దరి మీదా ఆమెకు మనసే. మగవాడి చూపు కూడా ఒక వేటేనని రాత్మన్ కెమెరా చెబుతూ ఉంటుంది. రాత్మన్ ఆ దశాబ్దం మధ్యకల్లా దర్శకత్వం మానేయాల్సి వచ్చింది. పెద్ద సినిమాలు ఎవరూ ఇవ్వలేదు, చవక సినిమాలే తీస్తూ ఉండటం ఆమెకు చాలలేదు. చిన్న డబ్బు తలుపు తీసింది నిజమే, పై అంతస్తుకు మెట్లు మాత్రం ఎవరూ కట్టలేదు.

క్యాసెట్లు పోయాయి, అన్నయ్యకూ నాకూ వేరువేరు ఇళ్ళయ్యాయి. అయినా ఈ సినిమాల గురించి ఫోన్లో మాట్లాడుకోవడం మానలేదు. ఆనా లిలీ అమీర్‌పూర్ 2014లో తీసిన 'ఎ గర్ల్ వాక్స్ హోమ్ అలోన్ ఎట్ నైట్' చూడమని అన్నయ్యే చెప్పాడు. "ఏమే, చాదర్ వేసుకుని స్కేట్‌బోర్డ్ మీద వెళ్ళే డ్రాకులాను చూశావా?" అని. కాలిఫోర్నియాలో తీసినా సినిమా మొత్తం పర్షియన్ భాషలో ఉంటుంది. ఖాళీ వీధిలో ఆ అమ్మాయి స్కేట్‌బోర్డ్ మీద జారుతుంటే, ఇరాన్ ఆడవాళ్ళు తల నుంచి కాళ్ళదాకా కప్పుకునే ఆ నల్లటి చాదర్ వెనక్కి రెపరెపలాడుతుంది, అచ్చం డ్రాకులా కోటులా. ఆ వస్త్రాన్ని చూసి జాలిపడటమో భయపడటమో అలవాటైన ప్రేక్షకులకు ఆ ఒక్క షాట్‌లో సమాధానం ఉంది. ఆ ఊళ్ళో రాత్రిపూట భయపడాల్సింది మగవాళ్ళే.

2016లో వచ్చిన 'ద ట్రాన్స్‌ఫిగరేషన్' నేను చెప్పి అన్నయ్య చేత చూపించాను. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పేద నల్లజాతి కుర్రాడు మైలో. తల్లి లేదు. తాను రక్తపిశాచినని నమ్ముతాడు. వాడి గదిలో రక్తపిశాచుల సినిమాల క్యాసెట్లు వరసగా పేర్చి ఉంటాయి, నోటు పుస్తకంలో నియమాలు రాసుకుంటాడు. ఏ సినిమాలో నిజం ఉంది, ఏది ఉత్తిదే అని స్నేహితురాలితో వాదిస్తాడు. ఎరిక్ రఫిన్ ఆ పాత్రను దాదాపు మాటలు లేకుండా చేశాడు. సినిమా అయ్యాక అన్నయ్య ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ క్యాసెట్లు చూశావా" అని మాత్రం అన్నాడు. 2019లో వచ్చిన 'బిట్'లో కథానాయికగా వేసిన నికోల్ మెయిన్స్ నిజజీవితంలోనూ ట్రాన్స్ మహిళ. ఆమె పాత్ర కష్టాలన్నీ రక్తపిశాచి కావడం వల్ల వచ్చేవే, ట్రాన్స్ కావడం వల్ల కాదు. నాకు ఆ పద్ధతి నచ్చింది. సినిమా మాత్రం మధ్యలో సాగింది.

ఇన్ని మారినా మారనిది ఒకటుంది. డ్రాకులా సినిమాల్లో గూనివాళ్ళు, మరుగుజ్జులు ఎప్పుడూ పిశాచి నౌకర్లే. నేను మెచ్చుకున్న ఆ ఫిలిప్పీన్స్ సినిమాలోనూ అంతే. పిశాచి పాత్రకు కూడా మామూలుగా లేని శరీరమే వెతుకుతారు. హిందీ హారర్ సినిమాలు తీసిన రామ్సే సోదరుల 'పురానా మందిర్'లో, 'బంద్ దర్వాజా'లో మనల్ని వణికించిన అనిరుధ్ అగర్వాల్ ఇంజనీరింగ్ చదివిన మనిషి. తెర మీద ఆయన ఎత్తూ మొహమూ తప్ప ఇంకేమీ అడగలేదు సినిమాలు. 1945 నాటి 'హౌస్ ఆఫ్ డ్రాకులా'లో నీనా అనే నర్సు ఉంటుంది. ఆమెకు గూని. ఆ సినిమాలో అందరికంటే మంచి మనిషి. తన గూనికి వైద్యం జరిగే వంతు వచ్చినా, తోడేలుగా మారే రోగికి ముందు చేయమంటుంది. చివరికి ఆమె వంతు రాదు, చంపేస్తారు. ఆ పాత్ర మీద నాకున్న బెంగ ఇప్పటికీ తీరలేదు.

గూని ఉన్న అమ్మాయే రక్తపిశాచి అయ్యే సినిమా నిజానికి ఒకటి ఉండేది. 1957లో సింగపూర్‌లో వచ్చిన మలయ్ సినిమా 'పొంటియానక్'. దర్శకుడు ఇండియా నుంచి వెళ్ళిన బి.ఎన్. రావు, కథానాయిక మరియా మెనాడో. చోమెల్ అనే గూని పిల్లను అందరూ అసహ్యించుకుంటారు. మంత్రబలంతో ఆమె అందగత్తె అవుతుంది, రక్తం రుచి మాత్రం చూడకూడదు. పాము కరిచిన భర్త బతకాలంటే విషం నోటితో పీల్చి తీయాలి. పీలుస్తుంది. అంత గొప్ప కథ, అంత బాగా ఆడిన సినిమా, ఇప్పుడు ప్రింట్ లేదు. దాని తర్వాతి భాగమూ లేదు. స్టిల్స్ చూసి, కథ చదివి ఊహించుకోవడమే. స్పానిష్ డ్రాకులా రీలు క్యూబాలో దొరికినట్టు ఇదీ ఏదో ఒక గిడ్డంగిలో దొరుకుతుందేమోనని నాకు ఇంకా ఆశ. ఒక్క రీలే దొరికేట్టయితే, చోమెల్ అందగత్తె కాకముందు, గూనితో ఉన్నప్పటి రీలు దొరకాలి.